సప్లీ ఉందా? ఇవాళే ఇంట్లో చెప్పేయండి

సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చిన రోజు ఇంజినీరింగ్ హాస్టల్ ఎలా ఉంటుందో అక్కడ చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఏ రాత్రి పూటో ఎవరో గ్రూపులో లింకు పడేస్తారు, అందరూ ఒకేసారి దాని మీద పడేసరికి యూనివర్సిటీ సర్వర్ చేతులెత్తేస్తుంది, హాల్‌టికెట్ నంబరు కొట్టడం, అది తిరుగుతూ ఉండటం, మళ్లీ కొట్టడం. చివరికి తెరుచుకున్నాక సబ్జెక్టుల వరసలో ఒకచోట ‘ఎఫ్’ కనిపిస్తుంది. మిగతావన్నీ పాసైన సంగతి ఇక కంటికి ఆనదు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగుతుంది. ‘‘రిజల్ట్స్ వచ్చినయంట గదరా, నీదెట్లొచ్చింది?’’ ‘‘ఇంకా ఓపెన్ అయితలేదమ్మా, సర్వర్ డౌనుంది.’’

ఇవాళ మేం మాట్లాడదలచుకున్నది ఈ అబద్ధం గురించే.

ఒక సబ్జెక్టు పోవడం పెద్ద విషయమేం కాదని చెప్పి ఊరుకోలేం, పోయినవాడికి అది పెద్దదే. పదో తరగతిలో, ఇంటర్‌లో స్కూల్ ఫ్లెక్సీ మీద ఫొటో పడ్డ పిల్లకు ఎం-1లో (ఫస్టియర్ లెక్కల పేపర్) పంతొమ్మిది మార్కులు వస్తే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టే ఉంటుంది. కానీ మేం చూసినంతలో ఆ పంతొమ్మిది మార్కుల బాధ ఒక వారమో రెండు వారాలో. దాన్ని ఇంట్లో చెప్పకుండా మోయడం మాత్రం ఏళ్ల తరబడి సాగుతుంది. సప్లీ, అంటే పోయిన సబ్జెక్టు మళ్లీ రాసే సప్లిమెంటరీ పరీక్ష, దాని ఫీజు కట్టాలి, ఇంట్లో అడగలేరు, ‘ల్యాబ్ రికార్డులకు’ అని ఒకసారి, ‘సెమినార్‌కి’ అని ఇంకోసారి తెప్పించుకుంటారు, అదీ కుదరకపోతే రూమ్మేట్ దగ్గర చేబదులు. రెగ్యులర్ పరీక్షలూ సప్లీలూ పక్కపక్కనే పడతాయి కాబట్టి పాతది రాస్తూ కొత్తది వదిలేస్తారు, ఒకటి కాస్తా మూడవుతుంది. ఈలోగా ఇంట్లోవాళ్లు పెళ్లిళ్లలో, పేరంటాల్లో ‘మావాడికి ఫైనల్ ఇయర్, క్యాంపస్‌లో వచ్చేస్తుంది’ అని చెప్పుకుంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా లోపల ఏమవుతుందో ఊహించండి. టెన్షన్ అని మనం తేలిగ్గా అనే మాటలో ఎక్కువ పాలు ఈ దాపరికానిదే.

అందుకే విద్యార్థులకు మేం చెప్పేది మొదట ఇదే: చెప్పేయండి. అమ్మకు చెప్పలేకపోతే అక్కకు, నాన్నంటే భయమైతే బాబాయికో మేనమామకో, ఎవరో ఒకరికి, రిజల్ట్ వచ్చిన రోజే. ఆ రాత్రి తిట్లు పడొచ్చు, పడనివ్వండి. మూడేళ్ల తర్వాత పడేవాటి కంటే అవి తక్కువే ఉంటాయి.

రెండోది, రూల్స్ చదవండి. చాలామందికి ఫెయిలయ్యేదాకా తమ రెగ్యులేషన్‌లో ఏముందో తెలియదు, తెలిస్తే సగం భయం అక్కడే పోతుంది. హైదరాబాద్ జేఎన్‌టీయూలో ఆర్-22 (2022 నాటి రెగ్యులేషన్) కింద బీటెక్ చదివేవాళ్ల సంగతే తీసుకోండి. డిగ్రీకి 160 క్రెడిట్లు (సబ్జెక్టు పాసైతే జమయ్యే పాయింట్లు) కావాలి, నాలుగేళ్ల కోర్సును పూర్తి చేసుకోవడానికి ఎనిమిదేళ్ల గడువుంది. అంటే కొందరికి సబ్జెక్టులు పోతాయని, మళ్లీ రాస్తారని రూల్స్ రాసినవాళ్లే ముందుగా ఊహించారు. క్రెడిట్లు బొత్తిగా తగ్గితే డిటెండ్ చేస్తారు, అంటే పై ఏడాదికి పంపరు గానీ ఒక సబ్జెక్టు పోయినంత మాత్రాన పై ఏడాదికి వెళ్లడం ఆగదు. ఎక్స్‌టర్నల్, అంటే సెమిస్టర్ చివరి పరీక్ష 60 మార్కులకు, అందులో 21 రావాలి, కాలేజీలో వేసే ఇంటర్నల్స్‌తో కలిపి వందకు కనీసం 40 రావాలి. పేపర్లో పార్ట్-ఎ 10 మార్కులు, పార్ట్-బి 50, అందులో యూనిట్‌కో ప్రశ్న, ప్రతి దానికీ ‘లేదా’ ఉంటుంది. ఇంటర్నల్స్ ఓ మోస్తరుగా ఉన్నవాడు రెండు మూడు యూనిట్లు గట్టిగా పట్టుకుని, పార్ట్-ఎ చిన్న ప్రశ్నలు చూసుకుంటే గట్టెక్కే లెక్క ఇది. సప్లీ ముందు రాత్రి ఐదు యూనిట్లూ ఆల్-ఇన్-వన్ గైడులో తిరగేస్తూ తెల్లార్లూ కూర్చోవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం, నిద్ర లేని బుర్రకు వచ్చింది కూడా గుర్తురాదు.

ఇంకో మాట. స్క్రీన్ మీద కనిపించిన మార్కు దేవుడు రాసిందేం కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలప్పుడు ఏం జరిగిందో ఎవరూ మర్చిపోకూడదు. తెలుగులో సున్నా వచ్చిందన్న అమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి. ఆ ఫలితాల తర్వాత రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అది బోర్డు పరీక్ష, ఇది యూనివర్సిటీ పరీక్ష, కానీ పేపర్లు దిద్దేది అక్కడా ఇక్కడా మనుషులే. అనుమానం ఉంటే రీకౌంటింగ్‌కో రీవాల్యుయేషన్‌కో పెట్టుకోండి. మొదటిది కూడికలు మాత్రమే చూస్తుంది, రెండోదాంట్లో పేపర్ మళ్లీ దిద్దుతారు, తేడా తెలుసుకుని డబ్బు కట్టండి. దీనికి గడువు తక్కువ, తలుపేసుకుని పడుకుంటే అందులోనే అయిపోతుంది. దిద్దిన జవాబు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టు 9న తేల్చి చెప్పింది. ఎక్కడ తప్పు రాశామో కళ్లతో చూసుకుంటే, ‘నాకు చదువే రాదు’ అన్న భయం ‘నాకు మూడో యూనిట్ రాదు’ దగ్గరికి దిగుతుంది. దాంతో ఏదైనా చేయొచ్చు.

ఇక ఉద్యోగాలు. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో చాలావరకు అడిగేది ‘యాక్టివ్ బ్యాక్‌లాగ్స్’ ఉన్నాయా అని, అంటే ఇంకా క్లియర్ కానివి. ఫస్టియర్‌లో పోయి సెకండియర్‌లో రాసేసుకున్న సబ్జెక్టు గురించి ఇంటర్వ్యూలో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు. (బ్యాక్‌లాగ్స్ ఉన్నా పర్లేదు, విదేశాలకు పంపిస్తామని అమీర్‌పేటలో బోర్డులు పెట్టే కన్సల్టెన్సీల మాట వేరు, వాళ్ల లెక్కలు వాళ్లవి. అప్పు చేసి ఆ దారి పట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి.)

తల్లిదండ్రులతో కొంచెం గట్టిగానే మాట్లాడాలి. ‘నీ కోసం పొలం అమ్మినా’ అన్న మాట నిజమే కావచ్చు, రిజల్ట్ వచ్చిన రాత్రి మాత్రం అనకండి. పక్కింటి అబ్బాయి సీజీపీఏ ఆ రాత్రి మన ఇంట్లో వినపడక్కర్లేదు. పిల్లవాడు సర్వర్ డౌన్ అంటున్నాడంటే భయపడుతున్నాడని అర్థం చేసుకుని, ‘పోతే పోయింది, ముందు అన్నం తిను, ఫీజు ఎప్పుడు కట్టాలో చెప్పు’ అనండి. ఫీజు డబ్బులు అడిగి తీసుకునే ధైర్యం ఉన్న ఇంట్లో బ్యాక్‌లాగ్‌లు పేరుకోవు.

ఇంట్లో ఎంత బాగా చూసుకున్నా కొందరికి సరిపోదు. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, తిండి సహించక, ఫ్రెండ్స్‌ని తప్పించుకుని తిరుగుతూ, ‘నేను లేకపోతేనే అందరికీ నయం’ లాంటి మాటలు అంటుంటే దాన్ని బద్ధకం కింద, డ్రామా కింద తీసిపారేయొద్దు. ఆ మాట విన్నప్పుడు రెండు వారాలు ఆగడం కూడా తప్పే, అప్పటికప్పుడు పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి, డాక్టర్‌కు చూపించండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబర్ 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అన్నిటికీ పరీక్షలే కారణం కాదు. అయినా ఆ అంకె చూశాక కూడా ‘ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు’ అని పెదవి విరిచేవాళ్లకు ఏం చెప్పాలో మాకు తోచడం లేదు.

కాలేజీలు చేయాల్సింది ఎవరో దయతలచి చెప్పే సలహా ఏం కాదు, కోర్టు ఆదేశం. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి వేసిన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లల్ని వేరే బ్యాచ్‌లుగా విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసు రూముల్లో అందరికీ కనబడేలా రాసి పెట్టాలి. మీ కాలేజీలో ఇవి ఉన్నాయా? కౌన్సెలర్ అని ఇంగ్లిష్ లెక్చరర్ పేరే రాసి తనిఖీకి చూపించే పని అయితే అది ఉన్నట్టు కాదు. విద్యార్థి సంఘాలు ఏ ధర్నా చేసినా ఈ ప్రశ్న కూడా డిమాండ్లలో చేర్చాలి.

యూనివర్సిటీలను మేం అడిగేది అంతకంటే చిన్నది. ‘ఎఫ్’ చూపించే ఆ రిజల్ట్ పేజీలోనే కింద మూడు లైన్లు తెలుగులో వేయండి: రీవాల్యుయేషన్‌కు ఆఖరి తేదీ, సప్లిమెంటరీ పరీక్ష ఏ నెలలో, మాట్లాడాలనిపిస్తే 14416. దీనికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, పరీక్షల విభాగంలో ఎవరైనా ఒకరు ఒక పూట కూర్చుంటే వచ్చే సెమిస్టర్ ఫలితాలకే అయిపోతుంది.