పద్మనాభ యుద్ధానికి ఏ సైజు?

దేశంలో సమస్యలకు కొదవ లేదు, కాదనను. కానీ కాసేపు వాటిని గుమ్మం బయట విడిచి లోపలికి రండి, మనం తేల్చాల్సిన అసలు విషయం ఒకటుంది. 1794 జులై 10న విశాఖపట్నం దగ్గర పద్మనాభం కొండ కింద, విజయనగరం రాజు చినవిజయరామరాజు గారి పక్కన కత్తి పట్టుకుని నిలబడ్డ మనిషి కాళ్లకి ఏం తొడుక్కున్నాడు?

నవ్వకండి. ఈ ప్రశ్న వల్ల మా కాలనీలో రెండు కుటుంబాలు ఆవకాయ ఇచ్చిపుచ్చుకోవడం మానేశాయి.

జరిగిందేమిటంటే, మా కుర్రాళ్లకి (కుర్రాళ్లంటే నలభై దాటి, పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తూ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్లు) పద్మనాభ యుద్ధాన్ని జరిగిన చోటే, జరిగిన రోజే, జరిగింది జరిగినట్టు ఆడి చూపించాలని బుద్ధి పుట్టింది. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. విజయనగరం రాజు గారు పేష్కషు (అంటే కప్పం) బకాయి పడ్డారని ఈస్టిండియా కంపెనీవాళ్లు జమీని స్వాధీనం చేసుకుని ఆయన్ని మచిలీపట్నం పొమ్మన్నారు, ఆయన పోలేదు, వచ్చి పద్మనాభంలో విడిది చేశారు, కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన వచ్చి మీద పడింది, గంట కూడా గడవకుండానే రాజు గారు, ఆయనతో నిలబడ్డవాళ్లు చాలామంది నేలకొరిగారు. మనలో చాలామంది అక్కడికి కొండ మీద గుడి మెట్లెక్కడానికి వెళ్లి ఉంటారు. యుద్ధం సంగతి పక్కనెవరో చెప్తే "అవునా" అని, కొబ్బరిచిప్ప సంచిలో వేసుకుని దిగొచ్చేసి ఉంటారు.

కత్తులు, డాళ్లు, జెండాలు, గుర్రాలు (గుర్రాలు తర్వాత రద్దయ్యాయి, బీచిలో గుర్రం తిప్పేవాడు అడిగిన రేటుకి) తలా ఒకరు పంచుకున్నారు. పాదరక్షలు, తోలు సామాను శాఖ ఎవరికీ అక్కర్లేక మిగిలిపోతే నాకు అంటగట్టారు. నా అర్హత ఏమిటంటారా, నేనొకసారి కొల్హాపురి చెప్పులు కొని రెండేళ్లు తొడిగాను. ఇంతకంటే తక్కువ అర్హతతో మంత్రులైనవాళ్లున్నారు.

మొదట వన్‌టౌన్‌లో నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే కొట్టుకి వెళ్లాను. ఆయన ఎర్ర ముఖమల్ జోడు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు, ముక్కు పైకి మెలి తిరిగి, చుట్టూ జరీ. "శ్రీకృష్ణుడికి ఇదే, కృష్ణదేవరాయలకి ఇదే, బొబ్బిలి యుద్ధంలో బుస్సీ దొరకీ ఇదే, మొన్న స్కూలు ఫంక్షన్లో భగత్ సింగ్‌కి కూడా ఇదే పట్టికెళ్లారండి" అన్నాడు గర్వంగా. తిరగేసి చూశాను. అడుగున రబ్బరు, పక్కన జిప్పు.

అక్కడే నాలో మనిషి మారిపోయాడు. జిప్పు ఇప్పుడున్న రూపానికి వచ్చింది 1913లో. రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే ఎండకి కరక్కుండా, చలికి పెళుసెక్కకుండా ఉంటుందని చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టింది 1839లో. అంటే ఈ జోడు తొడిగి పద్మనాభంలో నిలబడ్డవాడు తన మునిమనవడి చెప్పులు వేసుకుని యుద్ధానికి వచ్చినట్టు. ఆ మాటే కొట్టాయనతో అన్నాను. "సైజు ఎనిమిదండి, అందరికీ సరిపోద్ది" అన్నాడు. ఆ ఎనిమిదో? ఇంగ్లిష్ సైజుకీ సైజుకీ మధ్య తేడా ఒక బార్లీ గింజ పొడుగు, అంటే అంగుళంలో మూడో వంతు. మన రాజు గారి కాలు బార్లీ గింజలతో కొలవడమా! దండం పెట్టి బయటికొచ్చేశాను.

ఆ రోజు నుంచి నిద్ర లేదు. ప్రెండర్‌గాస్ట్ వేషం వేస్తున్న మా వాడు తన శాండల్‌కి నల్ల పెయింటు కొట్టుకుని వచ్చి "ఎలా ఉంది?" అన్నాడు. పట్టీ లాగితే చర్రుమంది. వెల్‌క్రో! స్విట్జర్లాండులో ఒక ఇంజనీరు 1941లో కుక్కని తీసుకుని షికారుకి వెళ్తే, దాని బొచ్చుకి అంటుకున్న ముళ్లకాయలు చూసి వచ్చిన ఆలోచన అది. "ఒరేయ్, ఆ కుక్క పుట్టడానికి ఇంకా దాదాపు నూట యాభై ఏళ్లు టైముంది" అన్నాను. ఏడ్చినంత పని చేశాడు. దానికి తోడు భుజం మీంచి అడ్డంగా దిగే గోధుమరంగు తోలు పట్టీ, దొర అనగానే మన నాటకాలవాళ్లంతా తగిలించేది. దాన్ని సామ్ బ్రౌన్ బెల్టంటారు. సామ్ బ్రౌన్ అనే అధికారికి 1858లో పోరులో ఎడమ చెయ్యి పోయింది. ఒర పట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు కాబట్టి అది ఊగకుండా భుజం పట్టీ తగిలించుకున్నాడు, తర్వాత అదే ఫ్యాషనైపోయింది. ఆయన చెయ్యి పోవడానికి అరవై నాలుగేళ్ల ముందే మనవాడు ఆ బెల్టు కట్టుకుని తిరిగితే అపశకునం కాదూ? విప్పించాను. 1794 నాటి కంపెనీ సైనికుడికి ఉండాల్సింది ఛాతీ మీద తెల్ల సుద్ద పూసిన అడ్డపట్టీలు. మన రాజు గారి పక్షానికైతే బెల్టు గోలే లేదు, నడుముకి గుడ్డ దట్టీ బిగించి అందులోనే కత్తి దోపుకోవచ్చు. పెళ్లికి పెట్టిన ఉత్తరీయాలు బీరువాల్లోంచి బయటికొచ్చాయి, ఖర్చు సున్నా. నా హయాంలో సాధించిన ఏకైక పొదుపు అదే.

అసలు కథ బూట్ల దగ్గర మొదలైంది. ప్రెండర్‌గాస్ట్ బూట్లకి కుడీ ఎడమా ఉండకూడదు. మీరు సరిగ్గానే చదివారు. యూరప్‌లో సుమారు 1600 నుంచి రెండు వందల ఏళ్ల పాటు బూట్లు చాలావరకు తిన్నగా, రెండు కాళ్లకీ ఒకేలా కుట్టేవారు. మడమ ఎత్తు బూట్లు వచ్చాక ఎడమకొకటి కుడికొకటి చెక్క అచ్చులు చెక్కడం పెద్ద పనైపోయి, ఒక్క అచ్చుతోనే కానిచ్చేశారు. ఒకే వైపు అరిగిపోకుండా రోజూ ఈ కాలిది ఆ కాలికి మార్చుకోమని సైనికులకి చెప్పేవారు కూడా. అలాంటి జత కుట్టించాలని అల్లిపురంలో చెట్టు కింద కూర్చునే బాబాయ్ దగ్గరికి వెళ్లాను. డెబ్బై దాటి ఉంటాయి. బొమ్మ గీసి చూపించాను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఏటి బాబూ ఇది, కుడీ ఎడమా తెల్దేటి మీ దొరకి?"

"ఆ కాలంలో అంతే బాబాయ్."

"కాలాలు మారతాయి గానీ కాళ్లు మారతాయేటి?"

చరిత్రకారులెవరూ ఈ కోణంలో ఆలోచించినట్టు నాకు గుర్తులేదు. అయినా కుట్టాడు. తొడిగి రెండు రోజులు తిరిగిన మా ప్రెండర్‌గాస్ట్, కంపెనీవాళ్లు అంత చిరాగ్గా ఎందుకుండేవారో ఇప్పుడర్థమైందన్నాడు.

తోలు గురించి కూడా ఆయనే నా కళ్లు తెరిపించాడు. నేను ఎంతో ఇష్టపడి నిగనిగలాడే తోలు కొనుక్కుపోతే అంచు మీద కత్తితో చిన్న గాటు పెట్టి చూపించాడు, మధ్యలో నీలం బూడిద రంగు చార. "మందు తోలు" అన్నాడు. క్రోమియం లవణాలతో పదును చేసిందన్నమాట, 19వ శతాబ్దం చివర్లో వాడుకలోకి వచ్చిన పద్ధతి, రోజుల్లో పనైపోతుంది. మనకి కావాల్సింది తంగేడు పట్ట, కరక్కాయ నీళ్లలో వారాల తరబడి నానిన తోలు. కోస్తే లోపలంతా ఒకే గోధుమరంగు, చుక్క నీళ్లు పడితే అక్కడ నల్లబడుతుంది, వాసన కమ్మగా చెట్టు బెరడులా ఉంటుంది. దగ్గొస్తే మా అమ్మ బుగ్గన పెట్టించే కరక్కాయకి ఇంత చరిత్ర ఉందని ఎవరనుకున్నారు. ఆ తోలు వెతికి తెచ్చేసరికి నెల పట్టింది. తెచ్చి ఇంట్లో పెట్టిన వారానికి తెల్లగా బూజు పట్టింది, వైజాగ్ ఉప్పుగాలికి అట్టపెట్టెలో అప్పడాలే నిలవ్వు, తోలెంత. రోజూ సాయంత్రం గుడ్డతో తుడిచి ఆముదం రాయడం నా వంతు. ఇంట్లో నాతో మాట్లాడటం మానేశారు, ఆముదం వాసన వల్లా, ఇంకో కారణం వల్లా అన్నది ఇక్కడ అప్రస్తుతం.

సర్దారులకి కిర్రు చెప్పులు చెప్పాను. పెద్దమనిషి వస్తున్నాడని వీధి చివరి నుంచే తెలియాలి కాబట్టి నడుస్తుంటే కిర్రు కిర్రుమనేలా పనిగట్టుకుని కుట్టించుకునేవారు, ఆ రోజుల్లో అదే సైరన్. మరి మామూలు సిపాయికి? దొరికిన పుస్తకాలన్నీ తిరగేశాను. కృష్ణదేవరాయలు సింహాచలం వచ్చి శాసనం వేయించింది 1516లో, ఆ తర్వాత కొద్దికాలానికే విజయనగరం (హంపీది, మన పక్కూరు కాదు) చూడ్డానికొచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పేయిస్ ఏం రాశాడంటే, ఈ దేశంలో దాదాపు అందరూ వట్టి కాళ్లతోనే తిరుగుతారని. ఉన్న కొద్దిమందికి ముక్కు తేలిన జోళ్లు, లేదంటే అట్ట మీద పట్టీలు మాత్రమే ఉన్న చెప్పులు. రెండున్నర శతాబ్దాల తర్వాత పద్మనాభం చుట్టుపక్కల మామూలోడి కాలికి ఒక్కసారిగా జోళ్లు వచ్చేశాయని నమ్మబుద్ధి కాలేదు. కాబట్టి శాఖాధిపతి హోదాలో ప్రకటించాను: సిపాయిలు వట్టి కాళ్లతో రావలెను.

రెండు రోజుల్లో మా సేనలో పదిహేడు మంది సర్దారులు, ముగ్గురు సిపాయిలు మిగిలారు.

ఆ ముగ్గురూ కూడా మెత్తబడలేదు. ఒకాయన ఒంటిరంగు సాక్సు అన్నాడు. ఇంకొకాయన మన పాత బౌద్ధారామం తొట్లకొండ దాకా వెళ్లాడు. అక్కడి భిక్షువులకి బుద్ధుడే ఒంటి పొర చెప్పులకి అనుమతిచ్చాడు, మాకేం తక్కువ అని. చచ్చినట్టు వినయ పిటకం (భిక్షువుల నియమాల పుస్తకం) కూడా చూడాల్సి వచ్చింది. నిజమే, సోణుడనే కలవారి బిడ్డ సన్యసించి, నడుస్తూ ధ్యానం చేసి చేసి పాదాలు రక్తమోడితే, ఒంటి అట్ట చెప్పులు వేసుకోవచ్చని బుద్ధుడన్నాడట. ఆ తర్వాతి పేజీలు ఇంకా బాగున్నాయి. అనుమతి రావడమే ఆలస్యం, భిక్షువులు నీలం చెప్పులు, పసుపు చెప్పులు, ఎర్ర చెప్పులు, పొట్టేలు కొమ్ముల్లా మెలితిరిగినవి, నెమలి ఈకలు కుట్టినవి వేసుకొచ్చారు, ఆయన కూర్చుని ఒక్కోదాన్నీ పేరు పేరునా నిషేధించాల్సి వచ్చింది. సర్వం త్యజించినవాళ్ల సంగతే ఇలా ఉంటే అపార్ట్‌మెంటు ఈఎంఐ కడుతున్నవాళ్లని ఏమంటాం.

ఈ గొడవంతా బాబాయ్‌తో చెప్పి నవ్వుకుందామనుకున్నాను. ఆయన నవ్వలేదు. ఆరె (తోలు కుట్టే సూది) పక్కన పెట్టి అన్నాడు, "అందరికీ లేకపోడానికి తోలు లేక కాదు బాబూ. మా తాత ఊరందరికీ కుట్టీవోడు. ఆయనకీ ఓ జత ఉండీది. పెద్దోల్ల ఈదిలోకి ఎల్లేసరికి ఇప్పీసి సేత్తో అట్టుకునీవోడు. మీ యుద్ధంలో అలాటోడు ఉన్నాడేటి?"

నిబద్ధత గల శాఖాధిపతిని కాబట్టి ఈ అంశాన్ని కూడా నా నివేదికలో చేర్చాను: జరిగింది జరిగినట్టే చూపించాలంటే చెప్పులు కుట్టినవాడు వాటిని చేత్తో పట్టుకుని నడిచే దృశ్యం ఒకటి ఉండాలి, ఆ పాత్ర ఎవరు వేస్తారో ముందుకు రావాలి అని. అంగుళానికి ఎన్ని కుట్లుండాలో తేల్చడానికి రాత్రి ఒంటిగంట దాకా కొట్టుకున్న గ్రూపు అది. నలభై మంది చూశారు, నీలం టిక్కులన్నీ వచ్చాయి, కింద ఒకాయన గుడ్ మార్నింగ్ గులాబీ పెట్టాడు. సాయంత్రానికి "ఇందులోకి రాజకీయాలు తేకండి ప్లీజ్" అని అడ్మిన్ నోటీసు.

యుద్ధం రోజు పద్మనాభంలో వాన. జులైలో వాన పడుతుందని మూడు నెలల పరిశోధనలో ఎవరికీ తట్టలేదు. రబ్బరు లేని తోలు అడుగులు బంకమట్టి మీద ఎలా జారతాయో పుస్తకాల్లో ఉండదు, అది కాలితోనే నేర్చుకోవాలి. రాజు గారి కంటే ముందు ప్రెండర్‌గాస్ట్ నేలకొరిగాడు. తర్వాత సర్దారులు వరసగా. కిర్రు చెప్పులు కిర్రుమనడం మానేసి పిచ్‌క్ పిచ్‌క్ అనసాగాయి. నిలబడ్డవాళ్లెవరయ్యా అంటే ఆ ముగ్గురు వట్టి కాళ్ల సిపాయిలే. కాసేపటికి అందరూ విప్పేసి చెప్పులు చేత్తో పట్టుకుని, ఆటోల దాకా గట్టు మీద నడిచారు. నేను ఫొటో తీశాను.

మర్నాడు బాబాయ్‌కి చూపించాను. ఫోను దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు. గొడుగు కింద దొర, వెనకాల పదిహేడు మంది సర్దారులు, అందరి చేతుల్లోనూ చెప్పులు.

"ఇదిగో, ఇది సరిగ్గా ఉంది బాబూ" అన్నాడు. "తడిసినాయి గదా, ఎండలో ఎట్టకండి, ఇరిగిపోతాయి. నీడన ఆరనిచ్చి ఆముదం రాయండి. ఆ పదిహేడు జతల డబ్బులూ ఎప్పుడిస్తారు?"

గ్రూపులో నాలుగుసార్లు అడిగాను. సర్దారులెవరూ పలకడం లేదు. బకాయి నా పేరు మీదే ఉంది, బాబాయ్ నన్ను మచిలీపట్నం పొమ్మనేలోపు ఎలాగోలా కట్టేయాలి.