సవరణ: పాలిథిన్ షీటు గోడకు ఏ పక్కన?

ఏసీ గది గోడకు గ్లాస్‌వూల్ (వేడిని ఆపే గాజుపీచు) పెట్టి, లోపల జిప్సం బోర్డు వెనక ఆవిరిని ఆపడానికి పాలిథిన్ షీటు కొట్టించమని మొన్న రాశాను. అది తప్పు, క్షమించండి. ఆ పద్ధతి చలిదేశాలది. అక్కడ ఆవిరి వెచ్చటి గదిలోంచి బయటికి పోతుంది. మన మహబూబ్‌నగర్‌లో వానకాలం ఏసీ నడుస్తుంటే బయటి తేమే లోపలికి వస్తుంది. చల్లటి షీటుకు తగిలి నీరవుతుంది, గ్లాస్‌వూల్ నానుతుంది, బోర్డుకు బూజు పడుతుంది. ఆవిరిని ఆపే పొర బయటి వైపే ఉండాలి; గోడ గదివైపు ఆరాలి. లోపల అంటించే వినైల్ వాల్‌పేపర్ కూడా ఇదే చెరుపు చేస్తుంది.

నా మాట నమ్మి షీటు కొన్నవాళ్లు దయచేసి పని ఆపించండి. పునాది నుంచి పైకెక్కే చెమ్మ మాత్రం వేరు. దాన్ని ఆపేది బేస్‌మెంట్ మీద వేసే డీపీసీ, అంటే చెమ్మను అడ్డుకునే పొర.