పటిక వేసే ముందు నీళ్లు కొలవాలి

నల్గొండ పేరు మోస్తున్న శాస్త్ర పద్ధతి ఒకటుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించిన నల్గొండ టెక్నిక్. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి, బాగా తిప్పి, తేరనిచ్చి, వడపోస్తారు. చూడటానికి వంటింటి పనిలాగే ఉంటుంది. కిటుకంతా మోతాదులో ఉంది. ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్నది ముందు కొలిచి, దాన్నిబట్టి పటిక వేయాలి. ఒక బావికి సరిపోయిన మోతాదు పక్క బావికి పనికిరాదు. ఏళ్లతరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు పెద్దవాళ్లకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఏమవుతుందో వాళ్ల మోకాళ్లకే తెలుసు.

అదే నేల మీద ఇప్పుడు బడులకు డిజిటల్ పరికరాలు పంచుతున్నారు. ఏ బడి నీళ్లూ కొలవకుండా, అంటే పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో చూడకుండా, అందరికీ ఒకే కొలత పటిక వేస్తున్నారు.

నేపథ్యం పాఠకులకు తెలిసిందే. 2022 మార్చిలో వనపర్తిలో మొదలైన సర్కారు బడుల బాగు పథకం మన ఊరు–మన బడి, 26,065 బడులు, 7,289 కోట్ల రూపాయలు, పన్నెండు పనుల జాబితా, అందులో డిజిటల్ విద్య ఒకటి. తర్వాత ప్రభుత్వం మారింది, పేర్లు మారాయి, బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. కేంద్రం నడిపే బడి పథకం సమగ్ర శిక్ష నిధులు యథాప్రకారం ఢిల్లీ ఆమోదంతో వస్తూనే ఉన్నాయి. వీటిలో ఎవరు ఎంత ఖర్చుపెట్టారన్న తగువు నాకు అక్కర్లేదు. నా ప్రశ్న వేరు. ఏ బడికి ఏ పరికరం కావాలన్నది దేన్నిచూసి తేలుస్తున్నారు?

బడులన్నీ ఏటా నింపే యూడైస్ లెక్కలు చూసి. ఆ పట్టికలో గదులు, మరుగుదొడ్లు, కరెంటు, కంప్యూటర్ల సంఖ్య, ఇంటర్నెట్ ఉందా లేదా అన్నవి ఉంటాయి. పిల్లలకు చదవడం వచ్చా అన్న గడి అందులో లేదు. దాంతో కంప్యూటర్ లేని బడి కనబడితే కంప్యూటర్ ఇస్తారు, తెర లేనిది కనబడితే తెర ఇస్తారు. లేనిదాన్ని నింపడమే ప్రణాళిక అయిపోయింది. పైగా సమగ్ర శిక్షలో కంప్యూటర్ ల్యాబులు, స్మార్ట్ తరగతుల పద్దు ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు ఉన్న బడులకే. ల్యాబుకు 6.40 లక్షలు, స్మార్ట్ తరగతులకు 2.40 లక్షలు. మరి పిల్లలు తడబడేది ఎక్కడ? పిల్లల చదువు ఇంటింటికీ వెళ్లి కొలిచే దేశవ్యాప్త అసర్ సర్వే 2024లో గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివేవారిలో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. అంటే నలుగురిలో ముగ్గురు అక్కడే ఆగిపోతున్నారు. జబ్బు మూడో తరగతిలో ఉంటే మందు ఆరో తరగతి గుమ్మం దగ్గర పెట్టారు.

మొన్న మాఘమాసంలో దేవరకొండ వైపు ఒక ప్రాథమికోన్నత పాఠశాలకు వెళ్లాను. ఏడో తరగతి గదిలో గోడకు పాఠాలు చూపే పెద్ద డిజిటల్ ప్యానెల్, దుమ్ము పడకుండా దానిమీద పూల దుప్పటి. దుప్పటి తీస్తే, ఫ్రేము పైన దసరానాడు పెట్టిన పసుపు, కుంకుమ బొట్లు చెక్కుచెదరలేదు. పనిచేయదా అని అడిగితే, "పనిచేస్తుంది సార్, పాఠాలు వేస్తాం, పిల్లలు ఇష్టంగా చూస్తారు" అన్నారు. అబద్ధం కాదు. వేసి చూపించారు కూడా. గుండె ఎలా కొట్టుకుంటుందో రంగుల్లో కనిపించింది.

పక్క గది ఐదో తరగతిది. నేలమీద ఇరవై ఇద్దరు పిల్లలు. బోర్డు మీద 52లోంచి 27 తీసివేయమని ఉంది. నోటు పుస్తకాలు ఒక్కొక్కటే వంగి చూస్తూ వెళ్లాను. పద్నాలుగింటిలో జవాబు 35. అది అజాగ్రత్త కాదు, పద్నాలుగుమందీ ఒకే దారిలో తప్పారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేశారు. పదులు, ఒకట్లు వేరన్న సంగతి బుర్రకెక్కలేదన్నమాట. రెండో తరగతిలో జారిన మెట్టు అది. మూడేళ్లుగా దానిమీదే భిన్నాలు, దశాంశాలు పేరుస్తున్నారు.

టీచరమ్మ దగ్గర వంద పేజీల నోటు పుస్తకం ఒకటుంది. పేర్లకెదురుగా నాలుగు గడులు గీసుకున్నారు: అక్షరం, గుణింతం, ఒత్తు, వాక్యం. టిక్కులు మొదటి గడిలో నిండుగా ఉన్నాయి, ఒత్తు దగ్గరకొచ్చేసరికి పలచబడ్డాయి, వాక్యం గడిలో ఐదో ఆరో. ఒక పాప "పుస్తకం" అన్న మాటను "పు, స, త, కం" అని నాలుగు ముక్కలుగా చదివి, అది తను రోజూ చేత్తో పట్టుకునే వస్తువే అని గుర్తుపట్టలేకపోయింది. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్ల. మరి సర్కారు పోర్టల్లో ఎక్కించిన ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) మార్కులో? ఇరవైకి పదిహేను, పదహారు, పదిహేడు. వరుసగా కుంకుడుకాయలు పేర్చినట్టు అన్నీ ఒకటే సైజు. ఎందుకలా అంటే, "తక్కువ వేస్తే ఎందుకు తక్కువని మాకే మెమో వస్తుంది సార్" అన్నారు.

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సాంకేతిక ప్రణాళిక ఆ నోటు పుస్తకంలోని పేజీ నుంచి మొదలుకావాలన్నదే నా వాదన. ఆ పేజీ చెబితే ఆ గదికి ముందు రావాల్సింది తెర కాదు. పదేసి పుల్లల కట్టలు ఓ పాతిక, లంబాడీలో మొదలై తెలుగులోకి జారే కథలు వినిపించే చిన్న స్పీకరు, పిల్లవాడు ఏ మెట్టు మీదున్నాడో చూసి అక్కడినుంచే లెక్కలిచ్చే ట్యాబులు నాలుగైదు. ప్యానెల్ ఖరీదుతో ఇలాంటి గదులు ఎన్ని తయారవుతాయో మీరే లెక్కేసుకోండి.

మండలం మారితే జాబితా మారుతుంది. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55.04 శాతం, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అన్ని జిల్లాలకన్నా కింద. కానీ ఆ అంకె ఒక్కటైనా వెనుక కారణాలు వేర్వేరు. గద్వాల వైపు, గట్టు మండలం చుట్టూ విత్తన పత్తి చేలల్లో ఒక మొక్క పుప్పొడిని ఇంకో మొక్క పూలకు చేత్తో అద్దే పని ఆగస్టులో మొదలవుతుంది. చిన్న వేళ్లు కావాలంటూ పిల్లల్ని దింపుతారు. హాజరు పట్టీని మార్కుల పక్కన పెట్టి చూస్తే ఆ రెండు మూడు నెలల గుంత తెలిసిపోతుంది. అక్కడ కావాల్సింది చేను పని అయిపోయాక నడిచే, తప్పిన పాఠాలు కలిపే గట్టి వారధి తరగతులు, వాటికి సరిపడా పరికరాలు. కోస్గి, మద్దూరు వైపు తల్లిదండ్రులతో పుణే, ముంబయి వెళ్లి వచ్చే పిల్లవాడికి కావాల్సింది తనతోపాటు ప్రయాణించే చదువు చీటీ, తిరిగొచ్చినప్పుడు ఎక్కడ వదిలాడో చెప్పేది. కృష్ణా, మాగనూరు వైపు ఇంటి భాష కన్నడమైన పిల్లలకు మళ్లీ వేరే అవసరం. ఈ ముగ్గురికీ ఒకే అంగుళాల తెర పంపి, ముగ్గురికీ డిజిటల్ విద్య అందిందని రాసుకుంటున్నాం.

ఇది ఊహ కాదు. ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, మరికొందరు ఆర్థికవేత్తలు 2015లో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించారు. అది తరగతి పాఠం జోలికి పోకుండా, పిల్లవాడు నిజంగా ఉన్న మెట్టు కనిపెట్టి అక్కడినుంచి నేర్పుతుంది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టమైన తేడా కనబడింది. దీనికి ఎదురు ఉదాహరణ పెరూ. అక్కడి పల్లె బడుల్లో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచారు, పరీక్షించి చూస్తే లెక్కల్లో, భాషలో మార్పు లేదు. రెండుచోట్లా యంత్రాలే. ఒకచోట కొలిచి ఇచ్చారు, ఇంకోచోట పంచి ఊరుకున్నారు.

అసలు ట్యాబుకు నేనిచ్చే మొదటి ఉద్యోగం పాఠం చెప్పడం కూడా కాదు, నిజం చెప్పడం. మధ్యప్రదేశ్‌లో అధికారిక పరీక్షల మార్కులను స్వతంత్రంగా సరిచూసిన అధ్యయనంలో అవి బాగా ఉబ్బిన అంకెలని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో పరీక్షను కాగితం బదులు ట్యాబ్ మీద పెట్టి చూస్తే ఆ ఉబ్బు చాలావరకు దిగింది. పదిహేను, పదహారు, పదిహేడు అనే కుంకుడుకాయల వరుస మీద కోట్ల ప్రణాళిక కట్టకూడదంటే ముందు ఈ ఉబ్బు దిగాలి. దిగాలంటే తక్కువ మార్కు వేసిన టీచరుకు మెమో పోకూడదు, సాయం పోవాలి.

దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. ప్రైవేటు బడి పిల్లవాడికి తెర, తండా పిల్లకు పుల్లల కట్టా అన్నది ఒకటి. అన్నం అరగని కడుపుకు విందు పెట్టడం సమానత్వం కాదు. మెట్టు ఎక్కాక తెర కూడా ఇవ్వండి, ఎవరు వద్దన్నారు? రెండోది గట్టిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లోనే, పిల్లలు ఎక్కడ తప్పుతున్నారో టీచర్లకు నివేదికలిచ్చి చూశారు. 2010లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం నివేదిక ఒక్కదానితో చదువు మెరుగుపడలేదు. ఆ ఫలితాన్ని నేను ఒప్పుకుంటాను, అంతేకాదు, నా పక్షానే సాక్ష్యంగా పిలుస్తాను. నివేదిక చేతిలో ఉండి, దాన్నిబట్టి ఒక్క రూపాయి కూడా ఖర్చుపెట్టే హక్కు లేకపోతే ఇంకేం జరుగుతుంది?

అసలు ముడి ఇక్కడుంది. మన దగ్గర లెక్క రాసేవాళ్లకు కొనే హక్కు లేదు, కొనేవాళ్లకు లెక్క చదివే ఓపిక లేదు. ఇది బడులతో పుట్టిన జబ్బు కాదు. నిజాం కాలంలో పట్వారీ ఏటా పహాణీ రాసేవాడు. ఏ సర్వే నంబరులో ఏ పంట, ఏ భూమి బీడు, అంతా అందులో ఉండేది. అది రైతుకు నీళ్లివ్వడానికి కాదు, శిస్తు వసూలుకు. ఊరి గురించి అంత వివరంగా తెలిసిన కాగితం ఊరికి ఒక్కనాడూ అక్కరకు రాలేదు. ఇవాళ టీచర్లు రాత్రి పూట ఫోన్లలో ఎక్కించే మార్కులూ అలాంటి పహాణీయే. పైకి పోతుంది, పైన పట్టికవుతుంది, పట్టిక సమీక్షవుతుంది, సమీక్ష మెమోగా కిందికి దిగుతుంది.

2016లో జిల్లాలు చీల్చినప్పుడు పాలన గడప దగ్గరికొచ్చిందన్నారు. అరవై నాలుగు మండలాల మహబూబ్‌నగర్ ముందు నాలుగు ముక్కలై, 2019లో నారాయణపేటతో ఐదైంది. యాభై తొమ్మిది మండలాల నల్గొండ మూడైంది. కలెక్టరేట్లు దగ్గరికొచ్చాయి, కొత్త భవనాలు లేచాయి. కానీ బడికి ఏది కొనాలన్న నిర్ణయం అంగుళం కదల్లేదు. ముప్పైమందిలోపు పిల్లలున్న తండా బడి చేతికి సమగ్ర శిక్ష కింద ఏడాదికి అందే గ్రాంటు పదివేలు. సుద్దముక్కల నుంచి చిల్లర మరమ్మతుల దాకా అందులోనే. లక్షలు పైన తేలుతాయి, వేలు కింద రాలుతాయి. పైన తేలిన లక్షల గతి చూశాం కూడా. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఐదువేల ఉన్నత పాఠశాలలకు ఐదేళ్ల ఒప్పందం మీద కంప్యూటర్లు, బోధకులు వచ్చారు. గడువు తీరగానే బోధకులు వెళ్లిపోయారు, గదులకు తాళాలు పడ్డాయి.

కాబట్టి నేను అడిగేది కొత్త పథకం కాదు. స్మార్ట్ తరగతుల పేరిట మండలానికి వచ్చే డబ్బును మండలంలోనే ఉంచండి. చుట్టుపక్కల బడులన్నీ కలిసి నెలనెలా జరుపుకునే కాంప్లెక్స్ సమావేశంలో టీచర్లు తమ నోటు పుస్తకాలు తెరిచి, ఎవరికి ఏం కావాలో తేల్చుకుని కొనుక్కోనివ్వండి. ఏడాది చివర వేరే మండలం టీచర్లు ట్యాబులతో వచ్చి పరీక్ష పెట్టనీ. మొదటి ఏడాది కొందరు పొరపాటుగా కొంటారు. దసరా బొట్ల ప్యానెల్ కన్నా ఖరీదైన పొరపాటు మాత్రం చేయలేరు.

నేను బయల్దేరేటప్పుడు టీచరమ్మ ఫోనులో వచ్చిన ఫారం నింపుతున్నారు. ప్యానెల్ ఉందా? ఉంది. పనిచేస్తోందా? చేస్తోంది. రిమోట్ ఉందా, పెన్ను ఉందా? ఉన్నాయి. రోజుకు ఎన్ని గంటలు వాడుతున్నారు? అక్కడ ఒక్క క్షణం ఆగి, పక్క గది వైపు చూసి, రెండు అని కొట్టి పంపేశారు.