స్కిల్ ల్యాబ్‌లో ముసుగు తన్ని పడుకున్న సిమ్యులేటర్ గారికి

మహారాజశ్రీ సిమ్యులేటర్ గారికి సర్జరీ సెకండియర్ పీజీ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నీలం కవర్ కింద, ఏసీ గదిలో, తాళం వెనకాల ఉన్న మీకు కుశలం కాక ఇంకేముంటుంది లెండి.

పొట్టకి చిన్న చిల్లులు పెట్టి, కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్లని తెర మీదే సాధన చేయించే మిషన్ల జాతి మీది. మీ వంశం గొప్పది, కాదనను. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో, నాలాగే సర్జరీ నేర్చుకుంటున్న 16 మంది రెసిడెంట్ డాక్టర్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకి మీ పెద్దాయన మిస్ట్-వీఆర్ దగ్గర చేయి తిరిగేదాకా తర్ఫీదిచ్చారు. తర్వాత అందరిచేతా నిజం పేషెంట్లలో, లివర్‌కి అంటుకున్న గాల్‌బ్లాడర్‌ని విడదీయించారు. మీ పెద్దాయన శిష్యులు 29 శాతం వేగంగా ముగించారు. గాల్‌బ్లాడర్‌కి దెబ్బ తగిలించడం, పక్కనున్నదాన్ని కాల్చడం రెండో జట్టులో ఐదు రెట్లు ఎక్కువ. 2002లోనే అచ్చయిన సంగతి ఇది.

నాకు మాత్రం మీ దర్శనం రెండుసార్లే అయింది. ఒకటి ఇన్‌స్పెక్షన్ రోజు. కవర్ తీశారు, దుమ్ము దులిపారు, నన్ను మీ ముందు నిలబెట్టి ఫొటో తీశారు. స్విచ్ వేయలేదు. రెండోది దసరాకి, ఆయుధపూజలో. మీ హ్యాండిల్‌కి అప్పుడు పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా చెదరలేదట. చెదరడానికి ఎవరైనా ముట్టుకుంటే కదా!

అలాగని మా చదువేం ఆగలేదు. హాస్టల్లో అట్టపెట్టెకి రెండు చిల్లులు పెట్టి, పైన ఫోన్ కెమెరా ఆన్ చేసి, పారేసిన పనిముట్లతో శనగగింజల్ని ఈ చేతి నుంచి ఆ చేతికి మారుస్తున్నాం. చేయి ఎడమకి జరిపితే లోపల మొన కుడికి పోతుంది. ఇది బుర్రకెక్కడానికే నాకు వారం పట్టింది. కుట్లకైతే చికెన్ షాపు. "స్కిన్ తీయకన్నా" అంటే, "కూరకా, వేపుడుకా?" అన్నాడాయన. కుట్లకి అని చెప్పాక మనిషి కాస్త వెనక్కి జరిగాడు.

నిజం చెప్పాలంటే ఒక్క విషయంలో కోడి మీకన్నా నయం. గట్టిగా లాగితే తోలు చిరిగి చేతికి తెలుస్తుంది. మీ జాతిలో చాలామంది తెర మీద రక్తం చూపిస్తారు గానీ చేతికి ఏమీ తగలనివ్వరు. అయినా మీరే కావాలి నాకు. నేను ఏ నాళాన్నో తెగ్గోసినా మీ పేషెంట్ రీస్టార్ట్ నొక్కగానే లేస్తాడు. "ఎంతసేపు పడుతుంది సార్?" అంటూ బయట వాళ్లమ్మ నిలబడి ఉండదు.

తాళం తీయమని అడిగితే స్టోర్స్ ఆయన ఒకటే మాట: "ఖరీదైన మిషన్, కొత్తవాళ్లు చెయ్యి పెడితే పాడైపోదూ?"

రేపు పొద్దున ఎనిమిదింటికి ఆరో నంబర్ బెడ్ ఆమెకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్. చీఫ్ పక్కనే ఉంటారు, కొంత నాచేత చేయిస్తానన్నారు. ఈ రాత్రి ఒక్క గంట మీ దగ్గర కూర్చుందామంటే స్టోర్స్ ఆయన ఫోన్ స్విచాఫ్.

అర కేజీ లెగ్ పీసులు తెచ్చి పెట్టుకున్నాను. ఉంటాను.