ఫ్లోరెన్స్ చదువు విహారయాత్ర కాదు

ఇక్కడ అమెరికాలోని మన తెలుగు సంఘం మొన్న జరిపిన గ్రాడ్యుయేట్ల సన్మానం మీలో చాలామంది చూశారు. డేటా సైన్స్, ప్రీ మెడ్, ఫార్మసీ అంటూ ఒక్కొక్కరినీ పేరుతో, యూనివర్సిటీతో పిలిచి శాలువా కప్పారు. ఫ్లోరెన్స్‌లో స్టూడియో ఆర్ట్, అంటే బొమ్మలు, శిల్పాలు చేత్తో చేసి నేర్చుకునే కోర్సు, చదవడానికి వెళ్తున్న అమ్మాయి వంతు వచ్చేసరికి మైకులో వినిపించిన మాట ఇది: "ఇటలీలో ఓ ఏడాది సరదాగా తిరిగొచ్చి, ఆ తర్వాత అసలు చదువు మొదలుపెడుతుందట." హాలంతా నవ్వింది. ఆ పిల్ల అమ్మానాన్నలూ నవ్వారు, పాపం, ఇంకేం చేస్తారు?

ఆ మాట అన్నవారికి చెడు ఉద్దేశం లేదు. మన ఇళ్ళలో రోజూ అనుకునేదే మైకులో వినిపించింది. అందుకే అది మరింత గుచ్చుకుంది. మహాసభ సావనీరు మీద బాపు బొమ్మ కనబడితే మురిసిపోతాం, కాళహస్తి కలంకారీ చీర కట్టుకుని ఫొటోలు దిగుతాం. ఆ చేతిపని నేర్చుకుంటానని మన పిల్లే అంటే మాత్రం అది చదువు కాదంటాం. ఆ చదువులో ఏముంటుందో మనకు తెలియకపోవడమే దీనికి మూలం అనుకుంటున్నాను.

ఫ్రెస్కో, అంటే తడి గచ్చు మీద రంగులతో వేసే గోడ చిత్రం, ఆ క్లాసునే తీసుకోండి. ముందు ఇటుకనో మట్టి పలకనో నీళ్ళలో బాగా నానబెట్టాలి. పొడిగా ఉంటే అది గచ్చులోని తడిని లాగేసుకుంటుంది, పూత పగుళ్ళిచ్చి ఊడిపోతుంది. దాని మీద ఒక వంతు నానిన సున్నానికి రెండు మూడు వంతుల గరుకు ఇసుక కలిపి సెంటీమీటరు మందాన తొలి పూత వేస్తారు. దాన్ని అరిచ్చో అంటారు. అది ఆరాక పై పూత ఇంతొనాకో: సున్నంలో సన్న ఇసుకో పాలరాతి పొడో కలిపి నాలుగైదు మిల్లీమీటర్ల మందాన పూస్తారు. ఆ రోజు ఎంత మేర బొమ్మ వేయగలరో అంత మేరకే ఈ పూత. ఆ ఒక్కరోజు ముక్క పేరు జోర్నాతా.

వేలు ఆనిస్తే దిగబడని దశకు వచ్చాక రంగు మొదలుపెట్టాలి. అక్కడి నుంచి వాతావరణాన్ని బట్టి ఆరు నుంచి ఎనిమిది గంటల గడువు. రంగులో జిగురేమీ ఉండదు, నీళ్ళలో నూరిన పొడి మాత్రమే. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతూ ఆ పొడిని తనలో పట్టేసుకుంటుంది. గడువు దాటాక వేసిన రంగు పైపైనే నిలిచి, చేత్తో తుడిస్తే రాలిపోతుంది. సున్నం ఘాటుకు తట్టుకునేవి ముఖ్యంగా మట్టి రంగులు: ఎర్రమన్ను, పసుపు మన్ను, ఆకుపచ్చ మన్ను. సీసపు తెలుపు నల్లబడుతుంది. అజురైట్ అనే రాతి నుంచి తీసిన నీలాన్ని పాతవాళ్ళు గోడ ఆరాక జిగురు కలిపి అద్దేవారు, అందుకే పాత చర్చిల గోడల మీద చాలాచోట్ల మిగతా రంగులు నిలిచినా నీలం రాలిపోయింది. కొత్తవాళ్ళు దెబ్బతినేది రంగు ఛాయ దగ్గర. తడిలో ముదురుగా కనిపించింది ఆరాక బాగా వెలిసినట్టవుతుంది. ఇవాళ్టి ముక్క నిన్నటి ముక్కతో కలవాలంటే మొత్తం గోడకు కావలసిన రంగు ముందే నూరి సీసాల్లో దాచుకోవాలి. సాయంత్రం, రంగు పడని పూతను తాపీతో వాలుగా కోసి తీసేయాలి. లేకపోతే రేపటి అతుకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఇదంతా చేసిన విద్యార్థి ఫ్లోరెన్స్‌లోని సాంతా మరియా దెల్ కార్మినే చర్చిలోని బ్రాంకాచ్చి చాపెల్‌లో నిలబడితే, 1420లలో చిత్రకారుడు మసాచ్చో ఏ రోజు పని ఎక్కడ ఆపాడో అతుకులను బట్టి వెతకగలుగుతుంది. పక్కవాటు వెలుతురులో గోడ ఎత్తుపల్లాలు చూస్తే తప్ప ఆ అతుకులు అందవు, ఫొటోలో ఆ వీలు లేదు. ఇక్కడ కూర్చుని నేర్చుకోరాదా అని అడిగేవారికి నా జవాబు ఇదే.

డ్రాయింగ్ కూడా అంతే. ఫ్లోరెన్స్‌లోని కొన్ని స్టూడియోలు సైట్‌సైజ్ అనే పద్ధతిని పట్టుదలగా నేర్పుతాయి. ప్లాస్టర్ విగ్రహం పక్కనే ఈజిల్ (బొమ్మ గీసే పలకను నిలిపే స్టాండు) పెట్టి, విగ్రహం ఎత్తుకు మూడింతల దూరం వెనక్కి వెళ్ళి, నేల మీద పాదాల గుర్తులు వేసుకుని, ప్రతిసారీ అక్కడి నుంచే చూడాలి. తూకం కట్టిన దారంతో నిలువు గీత సరిచూసుకుంటూ, ముందుకు నడిచి గీసి, మళ్ళీ వెనక్కి రావాలి. గుర్తు నుంచి అడుగు జరిగినా కొలతలన్నీ తప్పుతాయి. ఒక్క బొగ్గు చిత్రానికి వారాలు పడుతుంది. వెలుతురు ఉత్తరపు కిటికీ నుంచే రావాలి, ఎండ నేరుగా పడితే గంటగంటకూ నీడ మారిపోతుంది. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నర దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు, అంటే ఆ పూట పని అయిపోయినట్టే. మధ్యాహ్నం మొదటి గంట వృథా చేసుకున్న విద్యార్థికి ఆ రోజు మళ్ళీ దొరకదు.

శాకాహార కుటుంబాలకు ఒక మాట. పాత పద్ధతిలో చెక్క పలక మీద టెంపెరా రంగులతో బొమ్మ వేయాలంటే ముందు జెస్సో అనే తెల్ల పూత వేయాలి. అందులో కుందేలు చర్మంతో చేసిన జిగురు ఉంటుంది. రాత్రంతా నానబెట్టి, నేరుగా మంట తగలకుండా వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగిస్తారు. మరిగితే దాని పట్టు పోతుంది. అందులో జిప్సం పొడి నెమ్మదిగా కలపాలి. గిలకొడితే బుడగలు చేరి పలక నిండా సన్న చిల్లులు పడతాయి. ఇలాంటి పూతలు ఎనిమిది దాకా వేస్తారు. ఆ పైన వాడే రంగులో గుడ్డు పచ్చసొన ఉంటుంది. తెలంగాణలోని మన చేర్యాల చిత్రకారులు, నకాషీలు, ఇదే పనిని సుద్దమట్టి, గంజి, ఉడికించిన చింతగింజల ముద్ద, బంక కలిపి గుడ్డ మీద మూడు పూతలుగా చేస్తారు. చేర్యాల పద్ధతి తెలిసిన పిల్ల దాన్ని క్లాసులో ప్రతిపాదిస్తే వినే అధ్యాపకులు దొరుకుతారు. కానీ ఆ పద్ధతి మన పిల్లలకు చెప్పినవారెవరు?

ఇటలీ వెళ్ళి చదివిన తెలుగువాడు మనకు లేకపోలేదు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్, లండన్, పారిస్ తర్వాత మిలాన్‌లో ఇటలీ శిల్పి మరీనో మరీనీ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. ఒకే లోహపు పలక మీద, నూనె పాళ్ళు మార్చిన ఇంకులను మెత్తటి, గట్టి రోలర్లతో ఒకదానిపై ఒకటి పరిచి ఒక్క ముద్రలో పలు రంగులు తెచ్చే విధానాన్ని పారిస్‌లోని అతెలియే 17 అనే చిత్రముద్రణ కార్యశాలలో సహచరులతో కలిసి రూపొందించారు. పల్చని ఇంకు మీద చిక్కటి ఇంకు అంటుకోదు, ఆ గుణం ఈ పద్ధతికి ముఖ్యమైన పునాది. 1972లో పద్మశ్రీ అందుకుని, న్యూయార్క్ యూనివర్సిటీలో బోధించి, 2018లో న్యూయార్క్‌లోనే కన్నుమూశారు. అమెరికాలోని మన సభల్లో ఆయన పేరు ఎన్నిసార్లు విన్నాం?

తల్లిదండ్రుల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అప్పు చేసి చదివించిన డిగ్రీకి ఉద్యోగం రాకపోతే బాధపడేది వాళ్ళే. కానీ దారులు లేవన్నది నిజం కాదు. 1966 నవంబరు 4న ఫ్లోరెన్స్‌ను ముంచిన ఆర్నో నది వరదలో, పాతకాలపు చిత్రకారుడు చిమాబూయే వేసిన శిలువ మొదలుకొని లెక్కలేనన్ని కళాఖండాలు దెబ్బతిన్నాయి. వాటిని బాగుచేసే పనిలోనే ఈనాటి పరిరక్షణ శాస్త్రం చాలావరకు రాటుదేలింది. అమెరికాలో ఆ రంగంలో మాస్టర్స్ చేయాలంటే స్టూడియో ఆర్ట్, కళాచరిత్రలతో పాటు ఆర్గానిక్ కెమిస్ట్రీ కూడా అడుగుతారు. కెమిస్ట్రీకి భయపడని పిల్లలు మన ఇళ్ళలో కొరతా?

అసలు ఇబ్బంది కాగితాల దగ్గర వస్తుంది, అక్కడ మన సంఘం చేయగలిగింది చాలా ఉంది. తొంభై రోజులు దాటే చదువుకు అమెరికా పౌరులకూ ఇటలీ డి వీసా కావాలి. దాన్ని తమ రాష్ట్రం ఏ కాన్సులేటు కిందికి వస్తుందో అక్కడే అడగాలి. ఏడాది పాటు ఉండేవారు దిగిన ఎనిమిది పనిదినాల్లో పోస్టాఫీసులో కిట్ తీసుకుని, పదహారు యూరోల స్టాంపు అంటించి, నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. ఇచ్చిన రసీదు పారేసుకోకూడదు. వీసా గడువు ముగిసి చేతిలో రసీదు మాత్రమే ఉన్నప్పుడు సంక్రాంతికి ఊరెళ్తూ పారిస్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో విమానం మారితే చిక్కుల్లో పడతారు. హెచ్‌-4 (తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడినవారు), ఎఫ్‌-1 (విద్యార్థి వీసా) పిల్లలు తిరిగి రావడానికి చెల్లే అమెరికా వీసా స్టాంపు ఉందో లేదో టికెట్ కొనకముందే చూసుకోవాలి. ఎఫ్‌-1 వాళ్ళు ఇక్కడి కాలేజీలో నమోదు కొనసాగించాలి, ఐదు నెలలు దాటే పక్షంలో ఇంటర్నేషనల్ ఆఫీసుతో ముందే మాట్లాడాలి. క్రెడిట్లు మేజర్‌కు లెక్కవుతాయా, ఉత్త ఎలక్టివ్‌లుగా మిగులుతాయా అన్నది సిలబస్ చూపించి ముందే రాయించుకోవాలి. టర్పెంటైన్ విమానంలో రానివ్వరు, అక్కడే కొనుక్కోవాలి. తిరిగొచ్చేటప్పుడు కాన్వాసును చట్రం నుంచి తీసి, రంగు వైపు బయటికి ఉండేలా వెడల్పాటి గొట్టానికి చుట్టాలి. లోపలికి చుడితే రంగు నలిగి పగులుతుంది. ఆయిల్ రంగు సరిగా ఆరడానికి నెలలు పడుతుంది కాబట్టి చివరి నెలలో కాగితం మీదో చిన్న పలకల మీదో పనిచేయడం మేలు.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. వచ్చే ఏడాది సన్మానం ఫారంలో, పిల్లలు తమ చదువు గురించి తామే రెండు వాక్యాలు రాసే చోటు పెట్టండి, మైకులో అదే చదవండి. మనబడి తెలుగు తరగతులు అయ్యాక ఖాళీగా ఉండే గదుల్లో ఒకదాన్ని నెలకు రెండు శనివారాలు డ్రాయింగ్‌కు ఇవ్వండి. ఒక బల్ల, ఒక దీపం, నాలుగు చెంబులు, ఒక తెల్ల గుడ్డ చాలు. ప్రవేశానికి కాలేజీలకు చూపే బొమ్మల సంపుటాలు, అంటే పోర్ట్‌ఫోలియోలు, మన పిల్లలవి ఎక్కువగా తేలిపోయేది ఇక్కడే: ఫొటో చూసి దించిన హీరోల బొమ్మలు, ఆనిమే నకళ్ళు నిండా ఉంటాయి. ఎంపిక చేసేవారు వెతికేది ఎదురుగా ఉన్న వస్తువును కళ్ళతో చూసి గీసిన బొమ్మను. శరదృతువులో మన చుట్టుపక్కల నగరాల్లో నేషనల్ పోర్ట్‌ఫోలియో డే జరుగుతుంది, కాలేజీల వాళ్ళే పిల్లల పని చూసి ఉచితంగా సలహా ఇస్తారు. ఆ రోజుకు మన పిల్లలను తీసుకెళ్ళడానికి ఇద్దరు ముగ్గురు పెద్దలు కార్లతో ముందుకు రావాలి. ఆగస్టు సమావేశంలో ఈ పేర్లు రాసుకుంటే సమయానికి అందుకోగలం.