కరెంటు పెట్టే మిషన్ గారికి విన్నపములు

మహారాజశ్రీ కరెంటు మిషన్ గారి దివ్య సముఖమునకు, గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమస్తా నమస్కరించి వ్రాయు విన్నపములు. ఉభయకుశలోపరి అని రాయాలనే ఉంది గానీ, కుశలంగా ఉన్నది తమరొక్కరే. నా నడుం సంగతి తమకు తెలియనిది కాదు.

కొత్తపేటలో డాక్టరు బోర్డు లేని గోడ దొరకదు. ఆ సందుల్లో ఏ ఫిజియోథెరపీ సెంటర్‌లో అడుగుపెట్టినా, కర్టెన్ పక్కకి జరిపితే తమ దర్శనమే. మూడు నెలలు దాటిన నడుం నొప్పితో వచ్చిన ఎవరినైనా పలకరించండి, "కరెంటు పెట్టించుకుంటున్నానండీ" అంటారు. నాలుగున్నరేళ్లు ఫిజియోథెరపీ చదివి పక్కనే నిలబడ్డ అమ్మాయి మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండదు. చుట్టాలకైతే ఆవిడ 'మసాజ్ డాక్టరు'.

తమ పనితనం నాకు కంఠతా వచ్చు. నీళ్లలో ముంచి తీసిన నాలుగు స్పాంజి ప్యాడ్లు నడుం మీద పడగానే ఒళ్లు జివ్వుమంటుంది. ఒక జత వైర్లలో సెకనుకు సుమారు 4,000 సార్లు ఊగే కరెంటు, రెండో జతలో ఇంకో వంద ఎక్కువ. రెండూ నా నడుంలో ఎదురుపడి, తేడాగా మిగిలిన ఆ వంద లయలో నరాల్ని పలకరిస్తాయట. కుర్రాడు నాబ్ తిప్పుతూ "చీమలు పాకుతున్నాయా సార్?" అంటాడు. "కొంచెం పెంచు నాన్నా" అంటాం. పెంచమనని పేషెంటుని నేనింతవరకు చూడలేదు. ఇచ్చిన డబ్బుకి ఎంత కరెంటు ఎక్కితే అంత గిట్టుబాటు మరి. బజర్ మోగేదాకా నొప్పి కాస్త మత్తుగా పడుకుంటుంది, నిజమే. మెట్లు దిగి బండి స్టాండు తీసేటప్పటికి అదీ లేచి కూర్చుంటుంది.

ఇంత వైభవం వెలిగిస్తున్న తమ మీద గిట్టనివాళ్లు ఏవేవో రాశారు. ఇంగ్లండులో వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ 2016లో తమ పేరు పెట్టి మరీ, నడుం నొప్పికి ఇంటర్‌ఫెరెన్షియల్ థెరపీ ఇవ్వొద్దంది. చర్మం మీంచి నరాలకి సన్నటి కరెంటు పంపే తమ తమ్ముడు టెన్స్, జెల్ రాసి రుద్దే అల్ట్రాసౌండు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్ మంచం, నడుం బెల్టు, అందర్నీ అదే వరసలో నిలబెట్టింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీర్ఘకాలపు నడుం నొప్పికి ఆ టెన్స్, అల్ట్రాసౌండు, ట్రాక్షన్, బెల్టు మామూలుగా వాడొద్దని చెప్పింది. దిగులు పడకండి. జెనీవాలో ఆ సంస్థ అన్న మాట కొత్తపేట దాకా రావాలంటే చాలా సందులు తిరగాలి.

తమ కొలువులో ఇంకో పెద్దమనిషి ఉన్నాడు, ఎమ్మారై రిపోర్టు. గుంటూరు జనానికి ఇంటి డోరు నంబరు గుర్తుండకపోయినా నడుం దగ్గరి వెన్నుపూసల నంబరు, ఎల్4-ఎల్5, గుర్తుంటుంది. 'డిస్క్ బల్జ్', అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త కాస్త ఉబ్బింది అని చదివిన రోజు నుంచి మా పక్కింటాయన బిందె ముట్టలేదు, మనవణ్ణి ఎత్తుకోలేదు. నొప్పే లేనివాళ్లకి స్కాన్ తీస్తే ఏం కనిపిస్తుందని పాత పరిశోధనలన్నీ కలిపి 2015లో లెక్క చూశారు. ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతానికి, యాభై ఏళ్లవాళ్లలో 60 శాతానికి డిస్క్ బల్జ్ ఉంది. అంటే జుట్టు నెరిసినట్టే అది చాలామందికి వయసుతో వచ్చేదే. ఈ ముక్క రిపోర్టు అడుగున అచ్చు వేస్తే పక్కింటాయన మనవణ్ణి ఎత్తుకునేవాడు గదా.

ఇక ఆ అమ్మాయి చేతుల సంగతి. బోర్లా పడుకోబెట్టి, రెండు బొటనవేళ్లూ ఒకచోట చేర్చి, ఒక్కో వెన్నుపూసనీ నొక్కుతూ "ఇక్కడా? ఇక్కడా?" అని అడుగుతూ పోతుంది. జెఫ్రీ మెయిట్‌లాండ్ అనే ఆస్ట్రేలియా ఫిజియో ఈ నొక్కుళ్లకి గ్రేడులు కూడా పెట్టాడని ఆవిడే చెప్పింది. మిర్చికే అనుకున్నా గ్రేడులు. మధ్యలో ఎక్కడైనా ఠక్కుమంటే "సెట్టయింది" అని మనం సంబరపడతాం. ఆవిడ నవ్వి, ఏ ఎముకా ఎక్కడికీ పోలేదు, తిరిగి రాలేదు, కీలులో గాలి బుడగ చప్పుడది అంటుంది. చేత్తో చేసే వైద్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అడ్డు చెప్పలేదు. నైస్ మాత్రం వ్యాయామం తోడు ఉంటేనే అని మెలిక పెట్టింది. నొక్కితే పట్టు కాస్త వదులుతుంది. వదిలిన ఆ కాసేపట్లో కదలడం మొదలుపెట్టాలి. అసలు చిక్కంతా అక్కడే.

మొన్న పక్క మంచం మీద యార్డు ముఠా కూలీ ఒకాయన. నలభై కిలోలు దాటిన టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, వీపు మీద మోసే మనిషి.

"బాబాయ్, ఈరోజు కరెంటు వద్దులే, వ్యాయామం నేర్పిస్తాను," అందావిడ.

"పొద్దున్నుంచి నేను చేసేదేంటమ్మా మరి? పూట కూలి పోగొట్టుకుని వచ్చా. కరెంటు పెట్టు."

ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. లారీ తొందర మీద బరువు మోయడం వేరు, నడుముకి కొద్దికొద్దిగా పని పెంచుకుంటూ పోవడం వేరు అని ఆవిడ ఓపిగ్గానే చెప్పింది. ఈలోగా కుర్రాడు ప్యాడ్లు తడిపేశాడు. పెట్టకపోతే ఆయన పక్క సందులో సెంటర్‌కి పోతాడు, ఓనరు ఈవిణ్ణి అడుగుతాడు.

వెళ్లేటప్పుడు ఆవిడ అందరికీ ఒక జిరాక్సు కాగితం ఇస్తుంది. మోకాళ్లు మడిచి నడుం పైకెత్తే బొమ్మ, పిల్లిలా వీపు వంచే బొమ్మ, కింద 'రోజూ నడక'. నడకకి పైసా ఖర్చు లేదు. అందుకే కాబోలు ఆ కాగితానికి విలువ లేదు. మా ఇంట్లో అది ఫ్రిజ్ మీద కరెంటు బిల్లుల కింద ఉంది.

ఆవిడ నోటితో చెప్పేది ఇంకొకటుంది. తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా, కాలు బలం తగ్గుతున్నా సిట్టింగుల కోసం చూడకుండా వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తమని. దయచేసి అప్పుడు మాత్రం తమరు ఎవర్నీ మంచం మీద పడుకోబెట్టుకోకండి.

ఇప్పుడు అసలు విన్నపం. ఈ ఎండల్లో ఒక సాయంత్రం కరెంటు పోయింది. తమరు నోరు మూశారు, ఫ్యాన్లు ఆగాయి. మంచాల మీద ఉడికిపోతున్న అందర్నీ ఆవిడ లేపి, వరండాలో నిలబెట్టి, కూర్చుని లేవడాలు చేయించింది. ముఠా బాబాయ్ గోడ పట్టుకుని మాకంటే బాగా చేశాడు. ఒక టీచరుగారు "ఇదేదో బాగుందే, దీనికి ఎంత తీసుకుంటారు?" అని కూడా అడిగింది. అంతలో కరెంటొచ్చింది. అందరం ఎవరి మంచం వాళ్లం ఎక్కేశాం.

పేషెంట్లకి ఇబ్బందవుతోందని ఓనరుగారు వచ్చే వారం ఇన్వర్టరు పెట్టిస్తున్నారట. తమ మాటంటే ఆయనకి గురి. కాస్త చెప్పి మాన్పించగలరు.

ఇట్లు,
తమ పాత ఖాతాదారుడు