పాత స్పోర్ట్స్ కారు గారికి ఒక బావమరిది విన్నపం

మహారాజశ్రీ కారు గారి సమక్షానికి,

విజయనగరం నుంచి తమ యజమాని బావమరిది రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. తమరు మా షెడ్డులోనే కొలువున్నారు కాబట్టి మా కుశలం వేరే చెప్పక్కర్లేదు.

తమరు బండి కాదట, పెట్టుబడి అట. పొద్దున్న లేస్తే మా బావది ఇదే పాట. భోగాపురం వైపు సైటు అమ్మి మరీ తమర్ని తెచ్చాడు. విమానాశ్రయం పుణ్యమా అని అక్కడ గజం రేటు పెరుగుతూనే ఉంది. ఆ సైటుకు ఆయిలు మార్చక్కర్లేదు, టార్పాలిన్ కప్పక్కర్లేదు. ఈ మాట మా అక్క ఒక్కసారే అంది. ఆ తర్వాత కొన్నాళ్లు ఇంట్లో టీవీ తప్ప ఎవరూ మాట్లాడలేదు. అమ్మమ్మ మాత్రం తమరి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇంత డబ్బెట్టి కప్పు లేని బండి కొన్నావేటి నాయనా?" అంది.

ఎవరేమన్నా బావ దగ్గర ఒకటే జవాబు: 1955 నాటి మెర్సిడెస్ ఒకటి 2022లో 13.5 కోట్ల యూరోలకు అమ్ముడుపోయిందని. నిజమే. కాకపోతే కంపెనీ అలాంటివి చేసింది రెండే రెండు. తమరి అన్నదమ్ములు ఇంగ్లండు ఫ్యాక్టరీలోంచి వేలకు వేలు బయటికొచ్చారు.

రెస్టోర్ చేసినట్టు ఫొటోలతో అమ్మినాయన ఒక ఆల్బమ్ ఇచ్చాడు. మా టింకరింగ్ మేస్త్రీ దాని వంక చూడనైనా లేదు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి, గుడ్డ ముక్క చుట్టి, తమరి ఎడమ తలుపు మీద పైనుంచి జరుపుకుంటూ వచ్చాడు. హ్యాండిల్ దాకా బుద్ధిగా అతుక్కునే వచ్చింది. కింది అంచు దగ్గరికి రాగానే టప్పున రాలిపడింది. "ఇక్కడ రేకు కాదు, లప్పం బాబూ" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఫ్యాక్టరీ రికార్డుతో కలిస్తేనే ఇలాంటి బళ్లకు అసలు ధర. ఆ రికార్డు కోసం బావ ఇప్పుడు వెతుకుతున్నాడు. ఇప్పుడు!

ఇక తమరి షికార్లు. 2021లో వచ్చిన కేంద్రం రూల్సు ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి 20 వేలు కడితే ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ప్లేటు ఇస్తారు, పదేళ్లకు. కానీ రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో, పెట్రోలుకో అయితే వెళ్లొచ్చు. మా బావ చట్టాన్ని గౌరవించే మనిషి. అందుకే రోజూ సాయంత్రం పెట్రోలుకే బయల్దేరతాడు. గంటస్తంభం మీదుగా మూడు లాంతర్ల దాకా వెళ్లి, దారిలో బంకులన్నీ వదిలేసి, ఊరు చివర బంకులో అర లీటరు పోయించుకుని, మళ్లీ ఊరంతా చూపించుకుంటూ వస్తాడు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్. తమరి పాతకాలపు రబ్బరు పైపులకు అది పడదు. కాబట్టి మర్నాటి నుంచి మెకానిక్కు దగ్గరికి ప్రయాణం. అదీ రూల్సులో ఉన్నదే.

ఇందులో ఇంకో కిటుకుంది. 1983లో 20 వేలకు కొన్న 1931 నాటి ఫోర్డు టూరర్‌ను 21 లక్షలకు అమ్మిన ఒకాయన, అది సొంత వాడకపు వస్తువు కాబట్టి లాభం మీద పన్ను పడదన్నాడు. వాడినట్టు రుజువేదీ అని బొంబాయి హైకోర్టు 2025లో ఆ వాదన కొట్టేసింది. అంటే పన్ను తప్పించుకోవాలంటే తమర్ని వాడాలి. ‘వీఏ’ ప్లేటు ఉంటేనేమో వాడకూడదు. ఆడిటరు గారికి ఇది చెబితే ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు చెయ్యలేదు మేము. అయినా మాకు తమరి మీద కోపం లేదు. ఒక్కటే మనవి. వచ్చే వారం కొనే పార్టీ ఒకటి వస్తోంది. తమరు కాస్త ఎడమ తలుపు గోడ వైపుకి తిప్పుకుని నిలబడితే చాలు. అయస్కాంతం తెస్తే మాత్రం మనం చేయగలిగింది ఏమీ లేదు.

ఇట్లు,
తమరి కోసం స్కూటరును వానలో పెట్టుకున్న
బావమరిది